ఆడ జింక క్యాలెండరు: తెల్లతోక జింకలు ఎదకు వచ్చే కాలంలో వేట

(విస్కాన్సిన్ రాష్ట్రంలో స్థిరపడిన తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారు చదువుకోవడానికి వీలుగా ధ్వనిముద్రణ నుంచి రాసి పెట్టినది.)

పెద్దలందరికీ నమస్కారం. తెల్లతోక జింకల వేట గురించి, అందులోనూ అవి జతకట్టే కాలంలో చేసే వేట గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఈ మాట వినగానే మీలో కొందరికి మనసులో ఇబ్బందిగా ఉంటుందని నాకు తెలుసు. ఉండవలసిందే. మనం పుట్టి పెరిగిన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను చంపడం జైలుకు పంపే నేరం. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, తెలంగాణ రాష్ట్ర జంతువు కూడా జింకే. అక్కడ ఆ చట్టం ఉండడం న్యాయం, దాన్ని పాటించడం మన ధర్మం. మరి అక్కడ నేరమైనది ఇక్కడ ప్రభుత్వమే లైసెన్సు ఇచ్చి చేయించే పని ఎలా అయింది? ముందు దానికి సమాధానం చెప్పి ఆ తర్వాత వేటలోకి వెళ్తాను.

ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యే నాటికి ఈ దేశంలో తెల్లతోక జింకలు సుమారు ఐదు లక్షలకో, అంతకంటే తక్కువకో పడిపోయాయి. అప్పట్లో మాంసం కోసం, తోలు కోసం వేటాడి రైళ్లలో నగరాలకు పంపి అమ్మేవారు. 1900లో వచ్చిన లేసీ చట్టం, అక్రమంగా చంపిన జంతువును ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి తరలించడాన్ని నేరం చేసింది. ఆ తర్వాత రాష్ట్రాలు ఒకదాని వెంట ఒకటి వేటకు రుతువులు, పరిమితులు పెట్టాయి, అడవి జింక మాంసం అమ్మకాన్ని ఆపేశాయి. 1937లో పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం వచ్చింది. అప్పటి నుంచి రైఫిళ్ల మీద, తూటాల మీద వసూలయ్యే 11 శాతం పన్ను వన్యప్రాణుల సంరక్షణకే వెళ్తోంది. ఈ రోజు దేశంలో తెల్లతోక జింకలు సుమారు మూడు కోట్లు ఉంటాయని అంచనా, మన విస్కాన్సిన్‌లోనే పదిహేను లక్షలకు పైగా ఉన్నాయి. చాలా చోట్ల తోడేళ్లు లేవు, కొండసింహాలు లేవు, ఎటు చూసినా మొక్కజొన్న, సోయా చేలు ఉన్నాయి. తినేవాడు లేక, తిండికి కొదవ లేక పెరిగిన మంద అడవిలో మొలిచే ప్రతి లేత మొక్కనూ మేసేస్తే, ఆ అడవికి రేపటి చెట్లు ఎక్కడి నుంచి వస్తాయి? అందుకే ఇక్కడ వేట అవసరమైంది.

ఇప్పుడు జతకట్టే కాలం సంగతికి వద్దాం. ఇక్కడి వేటగాళ్లు దీన్ని రట్ అంటారు. ఎవరిని అడిగినా రట్ గురించి మగ జింక కథే చెబుతారు. దాని కొమ్ములు ఎన్ని శాఖలు, అది ఎక్కడ కనిపించింది, ఎవరి చేతికి చిక్కింది, ఇదే కథ. నేను ఈ రోజు మీకు ఆడ జింక కథ చెప్పడానికి వచ్చాను. ఎందుకంటే ఈ కాలమంతా ఆడ జింక క్యాలెండరు ప్రకారం నడుస్తుంది. మగ జింక ఆ క్యాలెండరు వెంట పరుగెత్తేది మాత్రమే. ఈ ఒక్క సంగతి అర్థమైతే నవంబరు అడవి మీకు అర్థమైనట్టే.

పాడి ఉన్న ఇళ్లలో పెరిగినవారు ఇక్కడ ఎంతమంది ఉన్నారు? చాలామందే ఉన్నారు. గేదె ఎదకు రావడం మీకు తెలుసు, ఎద దాటిపోతే మళ్లీ ఎన్నాళ్లకు వస్తుందో తెలుసు. ఇదీ అంతే. ఆడ జింక ఎదలో ఉండేది ఒక రోజు, మహా అయితే రెండు రోజులు. ఆ గడువులో చూలు కట్టకపోతే సుమారు 28 రోజులకు మళ్లీ ఎదకు వస్తుంది. చూలు కడితే దాదాపు 200 రోజులు మోస్తుంది. ఉత్తరాది రాష్ట్రాలలో ఎక్కువ ఆడ జింకలు నవంబరు నడుమ రోజుల్లో చూలు కడతాయి. అక్కడి నుంచి 200 రోజులు లెక్కపెట్టండి. మే చివర, జూన్ మొదట్లోకి వస్తారు. మంచు పూర్తిగా పోయి, ఆకు లేతగా ఉండి, తల్లికి పాలు పడే మేత పుష్కలంగా ఉండే కాలం అది. అంతకు ముందు ఈనితే పిల్ల చలికి చస్తుంది. ఆలస్యంగా ఈనితే శీతాకాలం వచ్చేసరికి పిల్లకు ఒంట్లో కొవ్వు చేరదు. పైగా అన్నీ ఒకేసారి ఈనడం వల్ల నక్కలు, కొయొటీలు, ఎలుగులు తినగలిగినన్ని తిన్నా ఎన్నో పిల్లలు మిగులుతాయి. అంటే నవంబరు తేదీని నిర్ణయించినది నవంబరు కాదు, జూన్.

మరి జూన్ సంగతి నవంబరులో జింకకు ఎలా తెలుస్తుంది? పగటి పొడవును బట్టి తెలుస్తుంది. రోజులు కురచవుతున్న కొద్దీ కంటిలో పడే వెలుగు తగ్గుతుంది, మెదడులో చీకట్లో ఊరే మెలటోనిన్ అనే హార్మోన్ ఎక్కువసేపు ఊరుతుంది, దాన్ని బట్టి సంతానోత్పత్తి హార్మోన్లు మేలుకుంటాయి. పగటి పొడవు ఏటా అదే తేదీకి అంతే ఉంటుంది గనుక, ఒక ప్రాంతంలో రట్ కూడా ఏటా దాదాపు అదే వారంలో వస్తుంది. చాలామంది వేటగాళ్లు పౌర్ణమిని బట్టి రట్ ముందుకో వెనక్కో జరుగుతుందని గట్టిగా నమ్ముతారు. చలి ముందుగా పడితే ముందే వస్తుందని కూడా అంటారు. రెండూ నిజం కాదు. చలి పడితే జింకలు పగటిపూట ఎక్కువగా తిరుగుతాయి, మనకు ఎక్కువగా కనిపిస్తాయి, అంతవరకే. చూలు కట్టే తేదీ మారదు. ఇది ఎలా తెలుసంటారా? వన్యప్రాణి శాస్త్రవేత్తలు శీతాకాలం చివర్లో రోడ్డు మీద కార్లు గుద్ది చనిపోయిన ఆడ జింకల గర్భసంచి కోసి, లోపలి పిండాన్ని నుదుటి నుంచి తోక మొదలు వరకు కొలబద్ద మీద కొలుస్తారు. ఆ పొడవును బట్టి పిండం వయసు తెలుస్తుంది. అక్కడి నుంచి వెనక్కి లెక్కిస్తే తల్లి చూలు కట్టిన రోజు తెలుస్తుంది. అలా ఏళ్ల తరబడి కూడబెట్టిన లెక్కల ముందు మన నమ్మకాలు నిలవవు.

దక్షిణాది రాష్ట్రాలలో ఉన్న మన బంధువులకు ఈ తేదీలు చెప్పకండి. అలబామాలో చాలా చోట్ల రట్ జనవరిలో వస్తుంది. ఫ్లోరిడాలో ఒక మూల వేసవిలోనే మొదలైతే మరో మూల ఫిబ్రవరి దాకా ఉంటుంది. అక్కడ చలి పిల్లల్ని చంపదు గనుక ఆ కట్టుదిట్టం అవసరం లేదు. టెక్సాస్‌లో ఉన్నవారికి మరో వింత కనిపిస్తుంది. మన చుక్కల దుప్పిని 1930ల్లో అక్కడికి తెచ్చారు. ఇప్పుడు అది అక్కడి కొండ ప్రాంతంలో స్వేచ్ఛగా తిరుగుతోంది. దానికి ఈ నవంబరు నియమమే లేదు, ఏ నెలలోనైనా ఈనుతుంది. ఉష్ణదేశపు జంతువు గదా, వేల మైళ్లు దాటి వచ్చినా తన పద్ధతి మానలేదు.

ఇక మగ జింక. ఏప్రిల్ నుంచి దాని కొమ్ములు నూగు చర్మం కింద పెరుగుతాయి. ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో ఆ చర్మం ఎండి ఊడిపోతుంది. అప్పటి నుంచి కొమ్ములను చెట్లకు రుద్దడం మొదలుపెడుతుంది. రుద్దిన చోట బెరడు లేచి తెల్లని చెక్క బయటపడుతుంది. దాని నుదుటి చర్మంలోని గ్రంథుల వాసన ఆ చెక్కకు అంటుకుంటుంది. అక్టోబరు రెండో సగంలో మరో ఆనవాలు కనిపిస్తుంది, దాన్ని స్క్రేప్ అంటారు. నేను మిమ్మల్ని ఒక స్క్రేప్ దగ్గరకు తీసుకువెళ్లగలిగితే ఏం చూస్తారో చెబుతాను. చేని గట్టున ఒక ఓక్ చెట్టు, దాని కొమ్మ ఒకటి మన ఛాతీ ఎత్తుకు వంగి ఉంటుంది. ఆ కొమ్మ చివర నమిలి పీచైపోయి ఉంటుంది. దాని కింద రాలిన ఆకులన్నీ వెనక్కి గోకి పారేసి, పెద్ద తాంబాళమంత మేర నల్లని తడి మట్టి బయటపడి ఉంటుంది. ఆ మట్టిలో ఒక్క గిట్ట అచ్చు లోతుగా దిగి ఉంటుంది. వంగి చూస్తే ఘాటైన వాసన ముఖానికి కొడుతుంది. మగ జింక ఆ కొమ్మను నోటితో, కళ్ల దగ్గరి గ్రంథులతో రుద్ది, గిట్టలతో నేల గోకి, వెనక కాళ్ల మడమల దగ్గరున్న వెంట్రుకల కుచ్చులను ఒకదానికొకటి ఆనించి, వాటి మీదుగా మూత్రం కారేలా పోస్తుంది. ఆ కుచ్చులు నవంబరు వచ్చేసరికి నల్లబడిపోతాయి.

కొత్తవారు ఇక్కడే పొరపడతారు. స్క్రేప్ కనిపించింది గదా అని దాని ఎదురుగా మాటు వేసి కూర్చుంటారు. కాని ఎక్కువ స్క్రేప్‌లకు జింకలు వచ్చేది రాత్రిపూట. పైగా అసలు ఎద మొదలయ్యేసరికి మగ జింక వాటిని పట్టించుకోవడం తగ్గిస్తుంది. అప్పుడు దానికి కావలసింది ఆడ జింక ఎక్కడ ఉందన్నది ఒక్కటే. కాబట్టి మనకూ కావలసింది అదే. ఆడ జింకలు పగలు ఎక్కడ పడుకుంటున్నాయి, సాయంత్రం ఏ చేలో మేస్తున్నాయి, ఒక చోటి నుంచి మరో చోటికి ఏ దారిన వెళ్తున్నాయి? సెప్టెంబరులో, అక్టోబరులో ఇది గమనించి పెట్టుకున్నవారికి నవంబరులో మగ జింకను వెతకవలసిన పని ఉండదు. అదే వాటిని వెతుక్కుంటూ వస్తుంది.

నవంబరు మొదటి పది రోజుల్లో మగ జింకలు తమ మామూలు హద్దులు దాటి తిరుగుతాయి. ఏడాదంతా ఒక చదరపు మైలు చుట్టుపక్కలే బతికిన జంతువు ఈ రోజుల్లో అలవాటు లేని అడవిలో, పట్టపగలు, పదకొండు గంటలకో పన్నెండు గంటలకో నడుస్తూ కనిపిస్తుంది. అందుకే ఈ రోజుల్లో పొద్దున్నే మంచె ఎక్కినవారు తొమ్మిదింటికే దిగి ఇంటికి పోకూడదు. కూర్చోగలిగితే చీకటి పడేదాకా కూర్చోండి. మంచె ఎక్కడ కట్టాలి? ఆడ జింకలు పడుకునే చోటికి గాలి దిగువన, అంటే వాటి మీదుగా వీచిన గాలి చేరే వైపున, కాస్త ఎడంగా కట్టాలి. తెలివైన మగ జింక పడక చోటంతా చుట్టి రాదు. గాలి దిగువ అంచున ఒక్కసారి అడ్డంగా నడిచి, అక్కడున్న ఆడ జింకల్లో ఎవరు ఎదకు వచ్చారో వాసనతోనే తెలుసుకుంటుంది. మీ ఒంటి వాసన మాత్రం ఆ దారి మీదికి గాని, ఆ పడకల మీదికి గాని పోకూడదు. గాలి ఎటు వీస్తుందో చూడకుండా ఎక్కిన మంచె ఎంత మంచిదైనా వృథా.

ఆ తర్వాత ఒక ఐదారు రోజులు అడవి ఖాళీ అయినట్టు అనిపిస్తుంది. నిన్నటి దాకా ఎటు చూసినా పరుగులు, ఈ రోజు ఒక్క కొమ్ముల జింకా లేదు. వేటగాళ్లు రట్ అయిపోయిందనుకుంటారు. అయిపోలేదు, అది అసలు ఘట్టం. ఎక్కువ ఆడ జింకలు ఒకేసారి ఎదకు వచ్చాయి. ప్రతి మగ జింకా ఒక ఆడ జింకతో ఏ పొదలోనో, చేని నడుమ గడ్డిలోనో ఒక రోజు, రెండు రోజులు కదలకుండా ఉంటుంది. ఆడ జింక లేస్తే లేస్తుంది, పడుకుంటే పడుకుంటుంది. తిండి మీద ధ్యాస ఉండదు. ఈ కాలం ముగిసేసరికి మగ జింక తన బరువులో ఐదో వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కోల్పోతుంది. కొన్ని పోట్లాటలో కొమ్ములు చిక్కుపడి, విడిపించుకోలేక రెండూ చనిపోతాయి. మిగిలినవి అలసిన ఒంటితో ఉత్తరాది శీతాకాలంలోకి అడుగుపెడతాయి.

నేను ఈ మాట ఎందుకు చెబుతున్నాను? సెప్టెంబరులో కొమ్మ విరిగిన చప్పుడుకే మాయమయ్యే జంతువు నవంబరులో మీ ఎదురుగా వచ్చి నిలబడుతుంది. అది మీ నేర్పు కాదు. దాని జాగ్రత్త ఆ కొద్ది రోజులు దాన్ని విడిచిపెట్టింది. ఎదుటి ప్రాణి జాగ్రత్త తగ్గిన రోజున మన జాగ్రత్త పెరగాలి. ఆడ జింక వెంట పరుగెత్తుతున్న మగ జింక మీద బాణం వేయడం తప్పు, ఎంత దగ్గరగా పోతున్నా తప్పే. నోటితో చిన్నగా ఒక చప్పుడు చేస్తే చాలాసార్లు అది ఆగి చూస్తుంది. ఆగితే, పక్కకు తిరిగి ఉంటే, ముందు కాలు వెనక గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు స్పష్టంగా కనిపిస్తే, అప్పుడు వేయండి. లేదంటే పోనివ్వండి. దాని వెనక ఇంకో జింక ఉందా? రట్‌లో తరచుగా ఉంటుంది. దాని వెనక ఏముంది? రోడ్డా, ఇల్లా, మనిషా?

దెబ్బ తగిలాక ఆత్రపడి దిగకండి. ఊపిరితిత్తులకు తగిలిందని నమ్మకం ఉన్నా అరగంట ఆగండి. రక్తం నురగతో ఎర్రగా ఉంటే ఊపిరితిత్తులు. పచ్చగా, పేగుల వాసనతో ఉంటే పొట్టకు తగిలింది. అప్పుడు ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఆగాలి. ముందే వెంటపడితే, పడుకున్న జింక లేచి ఎక్కడికో పోయి, దొరక్కుండా, ఎవరికీ పనికి రాకుండా చస్తుంది. ఆ రాత్రంతా మీకు నిద్ర పట్టదు. పట్టకూడదు కూడా.

ఇప్పుడు నేను అన్నిటికంటే ముఖ్యమనుకునే మాట చెబుతాను. మనం వేటాడుతున్నది మంద అదుపులో ఉండాలని అయితే, చంపవలసింది ఎక్కువగా ఆడ జింకలను. ఒక మగ జింకను తగ్గిస్తే వచ్చే జూన్‌లో పుట్టే పిల్లల సంఖ్య తగ్గదు, మరో మగ జింక దాని చోటు తీసుకుంటుంది. ఒక ఆడ జింకను తగ్గిస్తే తరచుగా రెండు పిల్లలు తగ్గుతాయి. ఈ మాట ఈ రాష్ట్రంలో చెప్పడం ఒకప్పుడు తేలిక కాదు. 1943లో ఇక్కడి అడవులు మోయలేనన్ని జింకలు పెరిగి, శీతాకాలంలో ఆకలితో చస్తున్నప్పుడు, ఆడ జింకలను, పిల్లలను కూడా వేటాడడానికి అనుమతి ఇచ్చారు. అంతకు కొన్ని దశాబ్దాల ముందు జింకలు కనుమరుగైన రోజులు చూసిన జనం మండిపడ్డారు. ఆ నిర్ణయాన్ని సమర్థించినందుకు, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో వన్యప్రాణి నిర్వహణ బోధించే ప్రొఫెసర్ ఆల్డో లియోపోల్డ్ మీద పత్రికలలో విమర్శలు కురిశాయి. ఆయన మాట సరైనదని కాలం తేల్చింది, కాని మగ జింకను కొడితేనే గొప్ప అన్న భావన ఇంకా పోలేదు. మీలో కొత్తగా మొదలుపెట్టేవారికి ఆ భావన అంటకముందే చెబుతున్నాను. మీ కౌంటీలో ఆడ జింకకు అనుమతి ఇస్తున్నారేమో ముందు చూసుకుని తీసుకోండి. మాంసం కూడా లేతగా ఉంటుంది. రట్‌లో పరుగెత్తి అలసిన ముదురు మగ జింక మాంసం నీచు వాసన వేస్తుందని చాలామంది ఫిర్యాదు. నా అనుభవంలో తప్పు ఎక్కువగా మాంసానిది కాదు, చల్లార్చడంలో చేసిన ఆలస్యానిది. పొట్ట వెంటనే తీసి, మడమ కుచ్చులు తాకిన చేతులతో మాంసం ముట్టకుండా, త్వరగా 40 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి తెస్తే, ముదురు జింక తొడ కూడా నిదానంగా ఉడికించిన పులుసులో బాగుంటుంది.

చట్టం గురించి కొన్ని మాటలు. విస్కాన్సిన్‌లో విల్లు, క్రాస్‌బో వేట సెప్టెంబరు నడుమ మొదలవుతుంది. తొమ్మిది రోజుల తుపాకి వేట, నవంబరు నాలుగో గురువారం వచ్చే థాంక్స్‌గివింగ్‌కు ముందు శనివారం మొదలవుతుంది. అంటే రట్ ముమ్మరంగా ఉండే రోజులు ఎక్కువగా విల్లు పట్టినవారివే. 1973 జనవరి 1న గాని, ఆ తర్వాత గాని పుట్టినవారు వేట శిక్షణ తరగతి పూర్తి చేయాలి. తుపాకి రోజుల్లో మెరిసే నారింజ రంగు గాని, మెరిసే గులాబీ రంగు గాని వేసుకోవాలి. జింక కంటికి ఆ నారింజ మనకు కనిపించినంత మెరుపుగా కనిపించదు, కాబట్టి భయపడకండి. మరొకటి, ఇది మనవారికి ప్రత్యేకంగా చెప్పవలసినది. హెచ్-1బి వంటి వలసేతర వీసాల మీద ఉన్నవారు తుపాకి, తూటాలు దగ్గర ఉంచుకోవడాన్ని సమాఖ్య చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి అందులో మినహాయింపు ఉంది. స్నేహితుడి తుపాకి ఒక్క రోజు పట్టుకున్నా ఇది వర్తిస్తుంది గనుక, న్యాయవాదిని అడిగి తెలుసుకోకుండా అడుగు వేయకండి.

వేటతో సంబంధం లేనివారికి కూడా ఒక మాట. ఈ దేశంలో జింకలు కార్లకు అడ్డం పడే ప్రమాదాలు ఎక్కువగా జరిగేది నవంబరులోనే, కారణం ఇప్పుడు మీకు తెలుసు. ఉదయం, సాయంత్రం మసక వెలుగులో ఒక ఆడ జింక రోడ్డు దాటితే బ్రేకు మీద నుంచి కాలు తీయకండి. దాని వెనక ముక్కు నేలకు ఆనించి మగ జింక వస్తుంటుంది, దానికి మీ కారు కనిపించదు. స్టీరింగు మాత్రం పక్కకు తిప్పకండి, చెట్టును గుద్దడం కంటే జింకను గుద్దడమే మేలు.

చివరగా జబ్బు సంగతి. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే ప్రియాన్ వ్యాధి, అంటే వికృతమైన ప్రొటీన్ వల్ల మెదడు దెబ్బతినే జబ్బు, విస్కాన్సిన్ అడవి జింకల్లో 2002లో బయటపడింది. జింకకు అది సోకితే చావే, మందు లేదు. మనుషులకు సోకినట్టు ఇప్పటివరకు నిర్ధారణ కాలేదు, అయినా వ్యాధి ఉన్నట్టు తేలిన జింక మాంసం తినవద్దని వ్యాధి నియంత్రణ కేంద్రం చెబుతోంది. మగ జింకలు రట్‌లో దూరం తిరుగుతాయి, స్క్రేప్‌ల దగ్గర ఒకే కొమ్మను అన్నీ నోట పెట్టుకుంటాయి, కాబట్టి ఇది వ్యాపించడంలో ఈ కాలానికీ పాత్ర ఉందని అనుమానించడం సహజం. అందుకే సహజ మూత్రంతో చేసిన ఎరవాసనలను కొన్ని రాష్ట్రాలు నిషేధించాయి. మీరు చంపిన జింకను మరునాడు సాయంత్రం ఐదు గంటల లోపు నమోదు చేయాలి. తలను పరీక్షకు ఇచ్చి, ఫలితం వచ్చేదాకా మాంసాన్ని విడిగా గుర్తు పెట్టి ఫ్రీజరులో ఉంచండి. పొరుగువారికి పంచడం కూడా ఆ తర్వాతే.

వేటలో మనుషులు దెబ్బతినే ముఖ్య కారణాల్లో మంచె మీద నుంచి పడడం ఒకటి, ఆ ప్రమాదం ఎక్కువగా ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు జరుగుతుంది. ఒంటికి కట్టుకునే పట్టీలు నాలుగు తెచ్చి ఆ బల్ల మీద పెట్టాను. ఈ ఏడాది అడవికి వెళ్దామనుకున్నవారు భోజనాలకు ముందే ఒకసారి వచ్చి, నేల మీద నుంచి కాలు ఎత్తక ముందే తాడు ఎలా తగిలించుకోవాలో చేసి చూపండి. మీ ప్రశ్నలకు కూడా అక్కడే సమాధానం చెబుతాను.